‘డ్యూయల్’ సినిమాలోని ఎర్ర ప్లిమత్ వాలియంట్: ఎక్కుడులో లారీ కారును తరమడం సాధ్యమేనా?

ఘాటుదారి (జయపురం):

సభ్యులకు నమస్కారం. పాత అమెరికన్ కార్లు కనిపించే సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మాటలు 1968 నాటి ‘బులిట్’లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో ఎగిరి దూకిన ఆకుపచ్చ ఫోర్డ్ ముస్టాంగ్ దగ్గర మొదలై, ఇంచుమించు అక్కడే ముగిసిపోతున్నాయి. ఆ కారు గొప్పతనాన్ని నేను కాదనను. అయితే నేను అడగదలచుకున్నది గొప్పతనమేమీ లేని కారును గురించి. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1971లో అమెరికాలోని ఏబీసీ టెలివిజన్ కోసం తీసిన ‘డ్యూయల్’లో డేవిడ్ మాన్ అనే సేల్స్‌మన్ నడిపే ఎర్రటి ప్లిమత్ వాలియంట్ అది.

చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. పని మీద కాలిఫోర్నియా ఎడారి రోడ్డున పోతున్న మాన్, పొగ కక్కుతూ నెమ్మదిగా నడుస్తున్న పాత ట్యాంకరు లారీని దాటుతాడు. అంతటితో ఆ లారీ అతని వెంటపడుతుంది. ఎందుకు పడిందో ఎవరూ చెప్పరు, డ్రైవరు ముఖాన్ని చివరిదాకా చూపించరు. కథ మొదట్లోనే పెట్రోలు బంకులో పనిచేసే మనిషి బానెట్ ఎత్తి చూసి, రేడియేటర్ హోస్ పైపు, అంటే ఇంజనును చల్లబరిచే నీరు పారే రబ్బరు గొట్టం, మార్చుకుంటే మంచిదని చెబుతాడు. ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట అంటారన్న ధోరణిలో మాన్ దాన్ని తోసిపుచ్చుతాడు. చివరికి నిటారైన ఎక్కుడులో సరిగ్గా ఆ పైపే పగిలి, ఆవిరి కక్కుతూ కారు వేగం పడిపోతుంటే, లారీ వెనక నుంచి దగ్గరపడుతుంది.

మా బావగారు సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్టుకు చాలాకాలంగా సరుకు తోలుతున్నారు. ఆయన సినిమాను సగం చూసి లేచిపోయారు. లోడు లారీ ఎక్కుడులో కారును తరమడం ఎక్కడైనా ఉందా, ఈ తీసినవాడు సుంకి ఘాటును ఒక్కసారి చూసి ఉంటే ఇలాంటి కథ రాసుకునేవాడు కాదు అని ఆయన వాదన. నాకు మాత్రం, అంత జాగ్రత్తగా తీసిన సినిమాలో ఇంత చిన్న సంగతిని పట్టించుకోకుండా వదిలి ఉంటారని అనిపించడం లేదు. ఇంజన్ల సంగతి తెలిసినవారు, సినిమా సంగతి తెలిసినవారు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. బావగారి మాటలో ఎంత నిజం ఉంది? వీరుడికి ముస్టాంగ్ లాంటి బండి ఇవ్వకుండా ఈ సాదాసీదా వాలియంట్‌ను ఎందుకు ఇచ్చినట్లు?

పాతఫిట్టరు (సునాబేడ):

ఘాటుదారి గారూ, మీ బావగారు సగం చూసి లేచిపోవడమే వచ్చిన చిక్కు. ఆయన లేవనెత్తిన అభ్యంతరానికి సమాధానం ఆ సినిమా రెండో సగంలోనే ఉంది.

ముందు లెక్క చూద్దాం. ఆ రోజుల్లో వాలియంట్లలో విరివిగా వచ్చినది క్రైస్లర్ కంపెనీ స్లాంట్ సిక్స్ ఇంజను. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండి, ఆ వరుస మొత్తం 30 డిగ్రీలు పక్కకు వాలి ఉంటుంది. బానెట్ ఎత్తు తగ్గించడానికి అలా వాల్చారు. వాటిలో పెద్దది 225 ఘనపుటంగుళాలది, అంటే సుమారు 3.7 లీటర్లు, అప్పటి కొలత పద్ధతిలో 145 హార్స్‌పవర్. కారు బరువు దాదాపు 1.3 టన్నులు. కాబట్టి టన్నుకు 110 హార్స్‌పవర్ దాకా వస్తుంది. సినిమాలోని లారీ 1950ల నాటి పీటర్‌బిల్ట్ 281. అటువంటి లారీలకు అప్పట్లో 200 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ ఉండే డీజిల్ ఇంజన్లు ఉండేవి. ట్యాంకరు నిండుగా ఉండి మొత్తం బరువు 30 టన్నులు అనుకుంటే టన్నుకు ఏడు హార్స్‌పవర్ కూడా పడదు; ఖాళీ ట్యాంకరు అనుకున్నా పదిహేను, పదహారుకు మించదు. సమతల రోడ్డు మీద ఈ తేడా అంతగా బయటపడదు, ఎందుకంటే అక్కడ బండి ప్రధానంగా గాలితోనూ, టైర్ల రాపిడితోనూ మాత్రమే పోరాడుతుంది. ఎక్కుడు మొదలయ్యాక ప్రతి కిలో బరువునూ పైకి మోయాలి కాబట్టి, టన్నుకు ఎంత బలం ఉందన్నదే అన్నిటినీ తేల్చేస్తుంది. ఈ మేరకు మీ బావగారి మాట అక్షరాలా నిజం.

విశేషమేమిటంటే ఈ సంగతి మాన్‌కు కూడా తెలుసు. కొండ ఎదురు కాగానే అతని ముఖం విప్పారుతుంది. ఎక్కుడులో నువ్వు నన్ను గెలవలేవని వెనకనున్న లారీని ఉద్దేశించి బిగ్గరగా అంటాడు. లారీ నిజంగానే వెనకబడడం మొదలుపెడుతుంది. హోస్ పైపు పగిలేది ఆ తర్వాతే. అంటే కథ రాసినవారు ఎక్కుడు సూత్రాన్ని మరిచిపోలేదు; కారుకున్న ఒకే ఒక ఆధిక్యాన్ని మన కళ్ళముందు పెట్టి, దాన్ని లొంగదీసే జబ్బును ముందే బంకులో చూపించి, అవసరమైన చోట ఆ ఆధిక్యాన్ని లాక్కున్నారు. నా మటుకు నాకు సినిమా మొత్తంలో ఇంతకంటే నేర్పుగా అల్లిన సంగతి మరొకటి కనబడదు.

ఇక పైపు పగిలితే అంత పని అవుతుందా అంటే, తప్పకుండా అవుతుంది. రేడియేటర్ మూత కేవలం మూత కాదు, లోపలి ఒత్తిడిని నిలబెట్టే కవాటం. మామూలుగా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీరు ఆ ఒత్తిడి వల్ల 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. పైపు పగిలిన మరుక్షణం ఆ ఒత్తిడి పోతుంది. అప్పటికే నూరు దాటి ఉన్న నీరు ఒక్కసారిగా మరిగి, అందులో కొంత ఆవిరై బయటికి చిమ్ముతుంది. సినిమాలో కనిపించే ఆ తెల్లటి పొగ అదే. మన సిమిలిగుడా, పొట్టంగి వైపు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున బయట నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఇక్కడ పరిస్థితి ఇంకా తొందరగా చేయి దాటుతుంది. లోపల నీటి బదులు ఆవిరి నిండిన చోట ఇనుము వేడి బయటికి పోదు. పిస్టన్లు ఉబ్బి సిలిండర్లలో బిగుసుకోవడం మొదలవుతుంది, ఇంజను బలం పడిపోతుంది. పూర్తిగా పట్టేయడానికి ముందు కారు మూలుగుతూ కొంతదూరం నడుస్తుంది. స్లాంట్ సిక్స్‌లో బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమువే కావడం వల్ల అది మామూలు ఇంజన్ల కంటే ఎక్కువే ఓర్చుకుంటుంది. కనుక వాలియంట్ చచ్చీ చెడీ శిఖరం దాటడం నాకు అతిశయోక్తిగా తోచలేదు.

తెరవెనుక (బరంపురం):

ఫిట్టరు గారు ఇంజను వైపు నుంచి చెప్పినదానికి దర్శకుడి వైపు నుంచి కొంత చేర్చదలిచాను. రిచర్డ్ మాథిసన్ రాసిన చిన్న కథ దీనికి ఆధారం. 1963 నవంబరు 22న, అంటే అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన రోజున, గోల్ఫ్ ఆట ముగించుకుని తిరిగి వస్తుంటే ఒక లారీ తనను ప్రమాదకరంగా వెంబడించిందని, ఆ అనుభవం నుంచే ఈ కథ పుట్టిందని ఆయన చెప్పారు. సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. టెలివిజన్‌లో 1971 నవంబరు 13న వచ్చేనాటికి స్పీల్‌బర్గ్ వయసు ఇంకా పాతికేళ్ళు నిండలేదు. చిత్రీకరణ రెండు వారాలు తిరగకుండానే ముగిసింది. టీవీలో వచ్చినది 74 నిమిషాలది. తరువాత విదేశాల థియేటర్ల కోసం 90 నిమిషాలకు పెంచారు. కారు ఇంటి గ్యారేజీ నుంచి బయలుదేరే మొదటి దృశ్యం, రైల్వే గేటు దగ్గర లారీ కారును రైలు మీదికి నెట్టే ఘట్టం, బడి బస్సు ఘట్టం అప్పుడు కలిపినవే.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ఎరుపు రంగును స్పీల్‌బర్గ్ కావాలని ఎంచుకున్నారు. గోధుమ రంగు కొండలు, దుమ్ము, ఎండ తప్ప ఏమీ లేని నేపథ్యంలో దూరం నుంచి తీసిన దృశ్యాలలో కూడా కారు ఎక్కడుందో ప్రేక్షకుడి కన్ను వెతుక్కోకుండా ఉండాలని ఆయన ఉద్దేశం. కారు మోడల్ విషయంలో నా అభిప్రాయం ఇది: ముస్టాంగ్‌ను చూడగానే అది ఏదో చేస్తుందని ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు, వాలియంట్‌ను చూసి ఎవరూ ఏమీ ఆశించరు. 1970 ప్రాంతంలో అమెరికాలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు వాయిదాల మీద కొనుక్కున్న కారు అది. డెన్నిస్ వీవర్ పోషించిన మాన్ కూడా అటువంటివాడే. భార్యతో ఫోనులో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించే మనిషి, హోటల్లో తనను చంపబోయినవాడు ఎదురుగా కూర్చున్నాడేమోనని అనుమానం వచ్చినా అడగడానికి తటపటాయించే మనిషి. అతను నడిపే బండికి 300 హార్స్‌పవర్ ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. ఒక్క తొక్కు తొక్కి ఇంటికి పోయేవాడు.

లారీని ఎంచుకోవడంలో చూపిన శ్రద్ధ ఇంకా ఎక్కువ. వరుసగా నిలబెట్టిన లారీలలో నుంచి పీటర్‌బిల్ట్‌ను తీసుకోవడానికి కారణం దాని ముఖమే. పొడుగైన ముక్కు, రెండు ముక్కలుగా ఉన్న అద్దం, గుండ్రటి దీపాలు కలిసి దానికొక జంతువు పోలికను ఇచ్చాయి. దాని మీద నూనె మరకలు, మసి, చచ్చిన పురుగులు అద్దించి ఇంకా వికారంగా తయారుచేశారు. ముందు బంపరుకు రకరకాల రాష్ట్రాల నంబరు ప్లేట్లు తగిలించి ఉంటాయి. ఇంతకు ముందు ఎంతమందిని ఇలా వెంటాడిందో అన్న అనుమానం మనకు కలగడానికే ఆ ఏర్పాటు. మన లారీల ముందు రాష్ట్రాల పర్మిట్ల పేర్లు చూసే అలవాటున్న మనకు ఆ ప్లేట్లు మొదటిసారి ప్రత్యేకంగా తోచకపోవచ్చు. రెండోసారి చూసేటప్పుడు గమనించండి.

మీరు మొదట ప్రస్తావించిన ‘బులిట్’కూ దీనికీ మనుషుల సంబంధం కూడా ఉంది. ఆ సినిమా వెంటాట వెనుక పనిచేసిన స్టంట్ నిపుణుడు కేరీ లాఫ్టినే ఇక్కడ ట్యాంకరు నడిపాడు. మాన్ తరఫున వాలియంట్‌ను నడిపిన స్టంట్ డ్రైవరు డేల్ వాన్ సికెల్. వేగం గురించి ఎవరైనా అడుగుతారేమోనని ఇప్పుడే చెబుతున్నాను: కెమెరాను రోడ్డుకు ఆనించినంత కిందికి దించి, వెడల్పు లెన్సుతో, పక్కనే రాతి గోడ ఉండేలా తీస్తే, మామూలు వేగం కూడా భయంకరంగా కనిపిస్తుంది.

కాగజ్‌నగర్ లైను (బల్లార్‌పూర్):

అసలు విషయానికి కాస్త పక్కదే అయినా, ఒక మాట. ప్లిమత్ పేరు మన పెద్దలకు కొత్తది కాదు. ముంబై కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుని, 1940ల చివరి నుంచి ప్లిమత్, డాడ్జ్, డిసోటో కార్లను ఇక్కడే బిగించి అమ్మింది. ఫార్గో లారీలు కూడా ఆ ఇంటివే. ఆ తరువాత అదే కంపెనీ ఫియట్ వైపు మళ్ళి పద్మిని కారు దాకా వచ్చింది. వాలియంట్‌ను మాత్రం ఇక్కడ సినిమాలో తప్ప చూసినట్లు మా ఇంట్లో పెద్దలెవరూ చెప్పలేదు. ఫార్గో లారీ బానెట్ ఎత్తి, గోనెసంచి అడ్డం పెట్టుకుని రేడియేటర్ మూత తిప్పే క్లీనరు కుర్రాళ్ళ కథలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. సినిమాలో ఆవిరి కమ్ముకోగానే మా నాన్నగారు అప్రయత్నంగా మూత తీయకురా అన్నారు.

లోడుబండి (రాయగడ):

నేను ట్యాంకరే తోలుతాను కాబట్టి ఇక్కడిదాకా ఎవరూ తాకని సంగతులు కొన్ని రాస్తున్నాను. ఘాటుదారి గారి బావగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన కోపం నాకు అర్థమైంది.

ఎక్కుడు గురించి ఫిట్టరు గారు చెప్పారు. నాకు ఎక్కుడు కంటే దిగుడు ఘట్టమే ఎక్కువ నిజంగా కనిపించింది. శిఖరం దాటిన తరువాత మాన్ కారును న్యూట్రల్‌లోకి వేసి జారవిడుస్తాడు. ఇంజను వేడెక్కిపోయిన స్థితిలో అతనికి వేరే గతి లేదు, అది సరే. కానీ న్యూట్రల్‌లో దిగే బండిని పట్టుకునేది ఒక్క బ్రేకు మాత్రమే. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని మాకు మొదటి రోజున నేర్పే పాఠం అందుకే. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి లాగి పడుతుంది, న్యూట్రల్‌లో ఆ పట్టు ఉండదు. డీజిలు మిగులుతుందని ఘాట్లో న్యూట్రల్ వేసినవాళ్ళ బండ్లు లోయలో ఎలా ఉంటాయో ఈ దారిన తిరిగేవారికి చెప్పనక్కరలేదు. వాలియంట్ కూడా చూస్తుండగానే మితిమీరిన వేగం అందుకుని, మలుపు దగ్గర అదుపు తప్పి రాతిగోడకు కొట్టుకుంటుంది. సినిమాలో లారీ చేయలేని పనిని ఆ దిగుడు ఇంచుమించు చేసేసింది.

రెండవది ట్యాంకరు సంగతి. వెనక మండే సరుకు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది గానీ లోపల ఏముందో, ఎంత ఉందో సినిమా చెప్పదు. నన్ను అడిగితే అది నిండుగానైనా ఉండాలి, ఖాళీగానైనా ఉండాలి. సగం నిండిన ట్యాంకరు మలుపు తిరిగేటప్పుడు లోపలి ద్రవం ఒక పక్కకు ఒరిగి బండిని అటే లాక్కుపోతుంది. బ్రేకు వేస్తే ఆ బరువంతా ముందుకు వచ్చి గుద్దుతుంది. లోపల అడ్డుపలకలు ఉన్నా ఆ ఊపు పూర్తిగా పోదు. సగం లోడుతో ఆ డ్రైవరు అలా మలుపులు కోయలేడు. మాన్ ఉన్న ఫోను బూత్‌ను గుద్దడానికి వచ్చినప్పుడు ఆ బంకు దగ్గరి పాముల బోనులన్నీ తొక్కుకుంటూ గుండ్రంగా తిరుగుతాడు చూడండి, అక్కడ ట్యాంకు ఊగకుండా వెంటనే స్థిమితపడింది. అందువల్ల ఖాళీ బండి అనుకుంటాను.

ఇంకొక సంగతి మీద మాత్రం తెరవెనుక గారితో నాకు పేచీ ఉంది. కారు బలహీనమైనది కాబట్టే కథ నడిచిందని ఆయన తేల్చారు. నేను ఒప్పుకోను. పైపు బాగుంటే ఆ కారు గెలిచేదే. అందుకు లెక్క కూడా పైన ఉంది. బలహీనత కారుది కాదు, బంకులో చెప్పిన మాట వినని మనిషిది. చక్కగా పనిచేసే బండిని అశ్రద్ధ చేసి, ఆపదలో దాన్నే బతిమాలుకోవడం ప్రతి డ్రైవరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే. స్టీరింగు నిమురుతూ ఇంకొంచెం, ఇంకొంచెం అని వేడుకునే ఆ మాన్‌ను చూసి నేను నవ్వలేకపోయాను.

తెరవెనుక (బరంపురం):

లోడుబండి గారి అభ్యంతరాన్ని గౌరవిస్తాను, సగం అంగీకరిస్తాను. అయితే ఆ మనిషికీ ఆ కారుకూ మధ్య దర్శకుడు తేడా ఉంచలేదన్నదే నా మాట. ముగింపులో ఏం చేశాడో చూడండి. కొండ కొమ్ముకు చేరిన మాన్ కారును లారీకి ఎదురుగా తిప్పి, తన ఉద్యోగపు బ్రీఫ్‌కేసును యాక్సిలరేటర్ మీద అదిమిపెట్టి బయటికి దూకుతాడు. లారీ దాన్ని గుద్దుతుంది, మంటలూ పొగా డ్రైవరు కళ్ళను కప్పేస్తాయి, రెండు బండ్లూ కలిసి లోయలోకి పోతాయి. వేగంతో కాదు, బలంతో కాదు, దారికి అడ్డం పడి చావడం ద్వారా వాలియంట్ ఆ పని చేసింది. మన ట్యాంకరు మిత్రుడికి ఇంకొక విశేషం: మండే సరుకు అని రాసి ఉన్నా ఆ లారీ పేలదు. నెమ్మదించిన చలనంలో దొర్లుతూ, జంతువు గర్జన వంటి ధ్వనితో పడిపోతుంది. అదే ధ్వనిని స్పీల్‌బర్గ్ 1975లో ‘జాస్’ చివర సొరచేప మునిగేటప్పుడు మళ్ళీ వాడుకున్నారు. ఈ సినిమాకు ధ్వని కూర్పు విభాగంలో అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారం కూడా వచ్చింది.

ఘాటుదారి (జయపురం):

అందరికీ కృతజ్ఞతలు. ఫిట్టరు గారి లెక్కను బావగారికి చదివి వినిపించాను. రెండో సగం చూడడానికి ఒప్పుకున్నారు, కానీ ఒక ప్రశ్న వేశారు. బంకు మనిషి చూసిన మాత్రాన పైపు పాడైందని ఎలా చెప్పాడు? పగిలిన తరువాత మాన్ చేయగలిగినది ఇంకేమైనా ఉందా?

పాతఫిట్టరు (సునాబేడ):

చేయి తగిలిస్తే తెలిసిపోతుందండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పై పైపును బొటనవేలితో నొక్కాలి. మంచి రబ్బరు నొక్కిన చోట గట్టిగా నిలిచి వెంటనే వెనక్కి వస్తుంది. పాతబడినది మెత్తగా ఉబ్బి నూనె పట్టినట్లు జిగటగానైనా ఉంటుంది, లేదా ఎండిపోయి నొక్కగానే లోపల పటపటమని చిట్లుతుంది. ముఖ్యంగా బిగింపు క్లిప్పు పక్కన చూడాలి. ఒత్తిడికి ఉబ్బేదీ, చీలేదీ అక్కడే. చీలిక క్లిప్పుకు దగ్గరగా ఉంటే ఆ అంచు కోసేసి, మిగిలిన పైపును ఇంకొంచెం లోపలికి తొడిగి బిగించవచ్చు. మధ్యలో అయితే సైకిలు ట్యూబు పట్టీ లాగి చుట్టి, మూతను సగమే బిగించి, ఒత్తిడి పెరగనివ్వకుండా పక్క ఊరిదాకా పోవచ్చు. కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే బ్లాకు పగులుతుంది కాబట్టి, ఏది చేసినా ముందు ఇంజను చల్లారాలి.

మాన్‌కు లేనిదే ఆ వ్యవధి. ఆగితే లారీ వస్తుంది. వేగం తగ్గిస్తే ఇంజనుకు కొంత ఊరట, కానీ దానికీ వీలులేదు. నడుస్తూ చేయగలిగినది ఒక్కటే: కారు లోపలి హీటరును పూర్తిగా తిప్పి, ఫ్యాను గట్టిగా పెట్టడం. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఇంజను వేడిలో కొంత భాగాన్ని అది కారులోకి లాగుతుంది. ఆ ఎడారి ఎండలో కూర్చున్నవాడికి అది నరకమే అవుతుంది గానీ ఇంజను వేడి చూపే ముల్లు కాస్త దిగుతుంది. అది కూడా లోపల నీళ్ళు మిగిలి ఉన్నంతసేపే. పైపు పూర్తిగా చీలి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాక హీటరుకు అందేది ఏమీ ఉండదు.